రాకీ కొండల రైలు, అలాస్కా ఓడ: ఖర్చు ఎక్కడ చెల్లింది, ఎక్కడ చెల్లలేదు

కెనడా రాకీ పర్వతాల్లో రెండు పగళ్ల రైలు ప్రయాణం, ఆ తర్వాత వాంకూవర్ రేవు నుంచి అలాస్కాకు వారం రోజుల ఓడ ప్రయాణం. రెండూ కలిపి ఒకే యాత్రగా అమ్ముతారు. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలను తీసుకుని మా ఆయన, నేను వేసవిలో వెళ్లివచ్చాం. ఖర్చు విన్న మిత్రులందరూ ఒకటే అడిగారు, అంత డబ్బు పెట్టదగ్గదేనా అని. యాత్ర మొత్తాన్ని ఒకే గాటన కట్టి జవాబు చెప్పడం కుదరదు. రైల్లో ఒక రోజు, ఓడ ఆగిన ఊళ్లలో ఒక ఊరు, హిమానీనదం ఎదుట గడిపిన ఒక పగలు: ఈ మూడింటికీ ఎంత పెట్టినా దండగ అనిపించలేదు. మిగిలిన చాలావాటిలో అంతకంటే తక్కువతో హాయిగా సరిపెట్టుకోవచ్చు.

మాతో వచ్చిన ఇద్దరు పరీక్షాధికారుల గురించి ముందే చెప్పాలి. నాన్న వాల్తేరు డివిజన్‌లో గూడ్సు గార్డుగా చేసి రిటైరయ్యారు. కొత్తవలస–కిరండూల్ లైను మీద, బైలదిల్లా ఇనుప ఖనిజం మోసే బళ్ల వెనుక బ్రేక్‌వ్యానులో కూర్చుని అరకు ఘాట్ ఎక్కి దిగడంలోనే ఆయన ఉద్యోగ జీవితం చాలావరకు గడిచింది. అందరూ కిటికీలోంచి కొండలు చూస్తుంటే ఆయన పట్టాల వాలు, సిగ్నళ్లు, లూప్ లైన్లు చూస్తారు. అమ్మ దృష్టి గది శుభ్రం మీద, అన్నం మీద, ఎక్కాల్సిన మెట్ల మీద. వీళ్లిద్దరికీ నచ్చింది బాగున్నట్టే లెక్క.

ముందు దిక్కు సంగతి. ప్యాకేజీలు చాలావరకు వాంకూవర్‌లో మొదలై తూర్పుగా బాన్ఫ్ వెళతాయి. ఓడ కూడా ఎక్కాలనుకునేవాళ్లు దీన్ని తిరగేయడం మేలు. విమానంలో కాల్గరీలో దిగి, రోడ్డు మీద గంటన్నరలో బాన్ఫ్ చేరి, అక్కడినుంచి పడమరగా రైలెక్కితే చివరికి వాంకూవర్‌లోనే దిగుతారు. ఓడ రేవు ఆ ఊళ్లోనే. వెళ్లిన దారినే వెనక్కి రావడం, మధ్యలో మరో విమానం టికెట్టు కొనడం, రెండూ తప్పుతాయి. ఇంకొక మాట. రైలు దిగిన మర్నాడే ఓడ ఎక్కేలా టికెట్లు కొనవద్దు. ఈ పట్టాలు సరకు రవాణా కంపెనీలవి. వాటి గూడ్సు బళ్లు మైళ్ల పొడవున ఉంటాయి, దారి కూడా ముందు వాటికే. పర్యాటకుల రైలు లూప్ లైన్లో నిలబడి వాటిని పోనిస్తుంది. చేరే వేళ అటూఇటూ కావచ్చని టికెట్టు అమ్మేటప్పుడే చెబుతారు. ఓడ మాత్రం ఎవరి కోసమూ ఆగదు.

వీసాల సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్లకు కెనడా వీసా, అమెరికా వీసా రెండూ ఉండాలి. ఓడ కెనడాలో బయలుదేరి, అమెరికా రేవుల్లో ఆగి, మళ్లీ కెనడాకే వస్తుంది కాబట్టి ఒకటికి మించిన ప్రవేశాలకు పనికివచ్చేవి అయితే మేలు. సియాటెల్ నుంచి ఓడ ఎక్కితే ఈ బాధ ఉండదని కొందరు అనుకుంటారు. విదేశీ జెండా ఉన్న ఓడ కేవలం అమెరికా రేవుల మధ్య ప్రయాణికులను తిప్పకూడదని 1886 నాటి అమెరికా చట్టం ఒకటుంది. అందుకే సియాటెల్ ఓడలు కూడా దారిలో విక్టోరియా వంటి కెనడా రేవులో ఓ పూట ఆగుతాయి. ఆ ఆగడానికి మన దగ్గర కాగితం ఉండాలి.

బాన్ఫ్ ఊళ్లో వేసవిలో హోటల్ ధరలు కళ్లు తిరిగేలా ఉంటాయి. ఆ ఊరు పుట్టిందే అలా. 1883లో రైల్వే కూలీలు అక్కడ వేడినీటి బుగ్గలు కనుగొన్నారు, 1885లో ప్రభుత్వం ఆ చోటును రక్షిత ప్రాంతం చేసింది, 1888లో కెనడియన్ పసిఫిక్ రైల్వే కొండ మీద కోటలాంటి హోటల్ తెరిచింది. ఖాళీ సీట్లు నింపడానికి రైల్వే కంపెనీయే పర్యాటకాన్ని తయారుచేసిందన్నమాట. మేము ఊళ్లో ఉండకుండా జాతీయ వనం హద్దు దాటగానే వచ్చే కాన్మోర్‌లో వంటగది ఉన్న అపార్ట్‌మెంటు తీసుకున్నాం. అమ్మ చారు పెట్టింది, కుక్కర్లో పప్పన్నం వండింది. కిటికీలోంచి కొండలు ఇక్కడా అవే. రెండు ఊళ్ల మధ్య సిటీ బస్సు తిరుగుతుంది. కోట హోటల్‌ను లోపలికి వెళ్లి చూడటానికి, కాఫీ తాగి రావడానికి అభ్యంతరం లేదు. మా వరకు అది చాలు.

లేక్ లూయిస్, మొరైన్ లేక్ చూడకుండా రైలెక్కకండి. మొరైన్ లేక్ దారిలోకి 2023 నుంచి సొంత వాహనాలను రానివ్వడం లేదు. పార్క్స్ కెనడా నడిపే షటిల్ బస్సుకు ముందే సీటు రిజర్వు చేసుకోవాలి. తెల్లవారుజామున వెళితే నీళ్లు కదలకుండా, కొండల నీడ చెక్కుచెదరకుండా కనిపిస్తుంది. పది దాటితే జనం.

ఇక రైలు. రాకీ మౌంటెనీర్ 1990 నుంచి నడుస్తున్న ప్రైవేటు పర్యాటక రైలు. పగలు మాత్రమే నడుస్తుంది. ఇందులో బెర్తులు లేవు. రాత్రి కామ్‌లూప్స్ అనే ఊళ్లో దింపి హోటల్లో పడుకోబెట్టి, పొద్దున మళ్లీ ఎక్కిస్తారు. ఆ హోటల్ ఖర్చు టికెట్టులోనే ఉంటుంది. పెట్టెలు మనం మోయనక్కర లేదు, లారీలో ముందే హోటల్ చేరుతాయి. తరగతులు రెండు. సిల్వర్‌లీఫ్ ఒకే అంతస్తు పెట్టె. కిటికీలు పైకప్పు అంచు దాకా వంగి ఉంటాయి, భోజనం సీటు దగ్గరికే తెస్తారు. గోల్డ్‌లీఫ్ రెండంతస్తుల పెట్టె. పైన నిండా గాజు గుమ్మటం, కింద భోజనశాల, చివర నిలబడి గాలి పీల్చుకోవడానికి బయటి వసారా. ధరల మధ్య తేడా చిన్నది కాదు.

మేము సిల్వర్‌లీఫ్ తీసుకున్నాం. వసారా లేదని నాన్న కాస్త ముఖం చిన్నబుచ్చుకున్నారు. అమ్మకు మాత్రం ఇదే నచ్చింది. మోకాళ్ల నొప్పితో వంకీ మెట్లు దిగి భోజనానికి పోయే పని లేదు. గోల్డ్‌లీఫ్‌లో చక్రాల కుర్చీల కోసం లిఫ్టు ఉంది కానీ, కదిలే రైల్లో రోజుకు రెండుసార్లు పైకీ కిందికీ తిరగడం పెద్దవాళ్లకు శ్రమే. రెండు తరగతులూ ఒకే రైల్లో, ఒకే పట్టాల మీద, ఒకే కొండల మధ్య పోతాయి. తలెత్తి శిఖరాన్ని పూర్తిగా చూడటంలో గోల్డ్‌లీఫ్‌ది పైచేయి, ఒప్పుకోవాల్సిందే. అయినా ఆ తేడా డబ్బు మిగుల్చుకుని ఓడలో పెట్టడమే నా సలహా. ఎందుకో తర్వాత చెబుతాను.

మొదటి రోజు. ఈ రోజు కోసమే ఆ టికెట్టు కొనాలి. బాన్ఫ్ దాటి కాసేపటికి నీళ్లు రెండు వైపులకు చీలే గట్టు వస్తుంది. ఒక పక్క పడిన చినుకు పసిఫిక్ దిక్కుకు, మరో పక్క పడినది తూర్పు దిక్కుకు పోతుంది. కికింగ్ హార్స్ కనుమ అది, ఎత్తు 1,627 మీటర్లు. అరకు దారిలో శిమిలిగుడ స్టేషన్ 996 మీటర్లని బోర్డు మీద చదివి గర్వపడుతూ పెరిగినవాళ్లం మేము. నాన్న వెంటనే ఎత్తుల తేడా చెప్పేసి, “ఎత్తు కాదమ్మాయ్ ముఖ్యం, దిగుడు చూడు” అన్నారు.

ఆ దిగుడుకు పెద్ద కథే ఉంది. 1880ల్లో డబ్బు లేక, తొందరలో, ఈ కొండ మీదుగా నేరుగా పట్టాలు దింపేశారు. వాలు నాలుగున్నర శాతం, అంటే రైల్వే లెక్కలో ఇరవై రెండుకు ఒకటి. బ్రేకు జారిన బళ్లను పక్కకు మళ్లించి ఎగువ మొగంగా ఎక్కించి ఆపే పట్టాలు మూడు చోట్ల వేశారు. వాటి గురించి వ్యాఖ్యాత చెప్పగానే నాన్న సీటులోంచి లేచారు. “క్యాచ్ సైడింగ్! మా ఘాట్‌లోనూ ఉన్నాయి” అని అటుపక్క కూర్చున్న ఆస్ట్రేలియా దంపతులకు తెలుగు, ఇంగ్లీషు కలిపి వివరించారు. వాళ్లకు ఎంత అర్థమైందో గానీ శ్రద్ధగా విన్నారు.

పాతికేళ్లు అలా ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని నడిపాక, 1909లో సర్పిల సొరంగాలు తవ్వారు. కెథీడ్రల్ కొండలో ఒకటి, మౌంట్ ఆగ్డెన్‌లో ఒకటి. పట్టా కొండ కడుపులో జంతిక చుట్టినట్టు తిరిగి, తాను దూరిన చోటికి కాస్త కిందుగా బయటికి వస్తుంది. దూరం పెరిగింది, వాలు సగానికి తగ్గి 2.2 శాతమైంది. రైల్లో కూర్చున్నవాళ్లకు ఈ వింత పూర్తిగా కనపడదు. చీకట్లోకి వెళ్లి బయటికి వచ్చాక లోయ ఇటు నుంచి అటుకు మారి ఉంటుంది, అంతే. పొడవైన గూడ్సు బండి తల ఒక ద్వారంలోంచి బయటికి వస్తుంటే తోక ఇంకా పై ద్వారంలోకి దూరుతూ ఉండటం చూడాలంటే హైవే పక్కన కట్టిన చూపరుల వేదిక దగ్గర నిలబడాలి. కారు అద్దెకు తీసుకున్నవాళ్లు ముందురోజే అది చూసి రావచ్చు.

ఈ కొండ ఇప్పటికీ తేలికైనది కాదు. 2019 ఫిబ్రవరిలో గడ్డకట్టే చలిలో ఆగి ఉన్న ధాన్యం బండి తనంతట తానే కదిలి, ఈ వాలులోనే అదుపు తప్పి పట్టాలు దిగింది. సిబ్బంది ముగ్గురూ చనిపోయారు. ఈ సంగతి విన్న తర్వాత ఫీల్డ్ స్టేషన్ వచ్చేదాకా నాన్న మాట్లాడలేదు.

మధ్యాహ్నం రోజర్స్ కనుమ. 1910 మార్చిలో ఒక మంచుచరియ విరిగిపడి కప్పేసిన పట్టాను ఊడుస్తున్న కూలీలను మరో మంచుచరియ కప్పేసింది. 58 మంది పోయారు. దాంతో పట్టాను కొండ మీదినుంచి తప్పించి 1916లో ఎనిమిది కిలోమీటర్ల కొన్నాట్ సొరంగం తెరిచారు. 1988లో దాని దిగువన 14.7 కిలోమీటర్ల మరో సొరంగం వచ్చింది. అమెరికా ఖండాల్లోని రైలు సొరంగాల్లో అదే పొడవైనది. సాయంత్రం క్రెయిగెలాచీ అనే చిన్న చోటు దాటుతాం. తూర్పునుంచి, పడమటినుంచి వేసుకొచ్చిన పట్టాలు 1885 నవంబరు 7న కలిసింది అక్కడే. చివరి మేకు కొట్టిన పెద్దమనిషి ఫొటో ప్రతి కెనడా చరిత్ర పుస్తకంలో ఉంటుంది. పడమటి కొండల్లో రాళ్లు పగలగొట్టిన వేలమంది చైనా కూలీల్లో ఒక్కరూ అందులో కనిపించరు. వాళ్లలో వందలమంది ఈ దారిలోనే ప్రాణాలు వదిలారు. మా పెట్టెలో వ్యాఖ్యానం చెప్పిన అమ్మాయి ఈ మాట దాచకుండా చెప్పింది. ఆమె ఎలుగుబంటి కథలకంటే అది నాకు ఎక్కువ నచ్చింది.

కామ్‌లూప్స్‌లో రాత్రి బస గురించి ఎక్కువ ఆశలు పెట్టుకోవద్దు. హోటల్‌ను మనం ఎంచుకోలేం. తరగతిని బట్టి కేటాయిస్తారు. మాకు వచ్చింది రోడ్డు పక్క మామూలు హోటల్. గది శుభ్రంగానే ఉంది, ఏసీ రాత్రంతా గర్‌మంది, కిటికీ తీస్తే కార్ల పార్కింగ్. పొద్దున్నే లేచి పోయేవాళ్లకు అంతకంటే ఎక్కువ అక్కర లేదు. ఊరు చుట్టూ కొండలు ఎండిపోయి గోధుమ రంగులో ఉంటాయి. రాకీల పచ్చదనం తర్వాత అనంతపురం పక్కకు వచ్చినట్టుందని మా ఆయన అన్నాడు.

రెండో రోజు గురించి నిజం చెప్పాలి. థాంప్సన్ నది వెంట పొద్దున కొన్ని గంటలపాటు ఎండు గుట్టలే. మొదట కొత్తగా ఉంటుంది, తర్వాత కళ్లు మూతలు పడతాయి. పెట్టెలో సగం మంది నిద్రపోయారు, అమ్మతో సహా. లిట్టన్ దగ్గర మళ్లీ మెలకువ వస్తుంది. అక్కడ తేట నీళ్ల థాంప్సన్, బురద నీళ్ల ఫ్రేజర్ కలుస్తాయి. కొంతదూరం రెండు రంగులూ పక్కపక్కనే పారుతాయి. 2021 జూన్ 29న ఈ లిట్టన్‌లో 49.6 డిగ్రీల ఎండ కాసింది. కెనడాలో అంతకుమించి ఎప్పుడూ నమోదు కాలేదు. మర్నాడే ఊరు దాదాపు మొత్తం కాలిపోయింది. మంచుదేశంలో మన రెంటచింతల ఎండ అన్నమాట.

ఆ తర్వాత సిస్కో దగ్గర రెండు రైల్వే కంపెనీల పట్టాలు వంతెనలెక్కి ఒడ్డు మార్చుకుంటాయి. ఆపైన హెల్స్ గేట్. అంత పెద్ద ఫ్రేజర్ నది 35 మీటర్ల ఇరుకులోంచి దూకుతుంది. 1914లో రైలు మార్గం తవ్వకాల వల్ల ఇక్కడ కొండ విరిగి నదిలో పడి, గుడ్లు పెట్టడానికి ఎగువకు ఈదే సాల్మన్ చేపల దారి మూసుకుపోయింది. చేపలెక్కడానికి కాంక్రీటు మెట్లు కట్టింది 1940ల్లో. ఈ గంట బాగుంటుంది. కానీ మొదటి రోజుతో పోలిక లేదు. రోజు ఒక్కటే ఎంచుకునే వీలుంటే నేను రెండో రోజు టికెట్టు కొనను.

రైల్లో సేవలకు వంక పెట్టలేం. సిబ్బంది ఓపిక గొప్పది. వైఫై లేదు, అది వరమే. శాకాహారమని బుక్ చేసేటప్పుడే రాయించాలి. మాకు గుమ్మడికాయ సూపు, పుట్టగొడుగుల వంటకం, రొట్టెలు వచ్చాయి. రుచిగా ఉన్నాయి గానీ అమ్మ మాటల్లో “కడుపు నిండింది, భోజనం కాలేదు”. సంచిలో ఉన్న కందిపొడి రెండో రోజు బయటికి వచ్చింది. మద్యం ధరలోనే కలిసి ఉంటుంది. తాగని కుటుంబం దానికీ కట్టినట్టే.

వాంకూవర్‌లో రేవుకు నడిచిపోయేంత దగ్గరలో ఉండండి. రేవు పక్కనే కోల్ హార్బర్ ఒడ్డున ఒక స్మారకం ఉంది, పేర్లు చెక్కిన గోడ. 1914లో కొమగాటా మారు అనే ఓడలో 376 మంది ఈ రేవుకు వచ్చారు, ఎక్కువమంది పంజాబీలు. దాదాపు అందరినీ దిగనివ్వకుండా రెండు నెలలు నీళ్లలోనే ఉంచి వెనక్కి పంపేశారు. 2016లో కెనడా ప్రధాని పార్లమెంటులో క్షమాపణ చెప్పాడు. బాల్కనీ గది టికెట్లు చేతిలో పట్టుకుని ఆ పేర్లు చదవడం కాస్త ఇబ్బందిగానే అనిపించింది. ప్రకటనల కాగితాల్లో ఈ చోటు ఉండదు కాబట్టి చెబుతున్నాను.

వాంకూవర్ నుంచి పోయే అలాస్కా ఓడలను కెనడా ప్లేస్ రేవులో ఎక్కాలి. అమెరికా అధికారుల తనిఖీ ఓడ ఎక్కేముందు అక్కడే అయిపోతుంది. వేలమంది ఒకే పూట రావడంతో వరుసలు పొడుగ్గా ఉంటాయి. చక్రాల కుర్చీ అడిగితే పెద్దవాళ్లను వేరే దారిలో తీసుకెళతారు. మొహమాటపడకుండా అడగండి.

గదుల విషయం. ఓడ లోపలి వైపు కిటికీ లేని గది చవక, బాల్కనీ ఉన్నది ప్రియం. కరీబియన్ వైపు వెళ్లే ఓడలో నేను బాల్కనీకి డబ్బు పెట్టను. ఇక్కడ పెట్టాలి. ఇన్‌సైడ్ పాసేజ్ అంటే దీవులకూ ప్రధాన భూభాగానికీ మధ్య ఉన్న సన్నటి జలమార్గం. రెండు పక్కలా అడవి కొండలు పొద్దస్తమానం కదిలిపోతూ ఉంటాయి. వేసవిలో రాత్రి తొమ్మిదింటికీ వెలుతురు ఉంటుంది. పైడెక్కు మీద చలిగాలికి నిలబడలేని పెద్దవాళ్లు దుప్పటి కప్పుకుని తమ గది ముందే కూర్చోవచ్చు. రైల్లో మిగుల్చుకున్న డబ్బు ఇందుకే. అమ్మానాన్నలకు బాల్కనీ, మాకు లోపలి గది. మేము నిద్రకు తప్ప మా గదికి వెళ్లింది తక్కువ. దీవుల చాటున సముద్రం సాధారణంగా నిలకడగానే ఉంటుంది. దీవుల మధ్య తెరిపి వచ్చిన చోట్ల కొంచెం ఊగుతుంది. వాంతుల మాత్ర ఒక్క పూటే అవసరమైంది.

ఓడలో తిండికి కొరత లేదు, తినదగ్గదానికే వెతుకులాట. భారతీయ శాకాహారం కావాలని ముందే రాసి, మొదటి రాత్రి భోజనశాల పెద్దను కలిసి మళ్లీ చెబితే మర్నాటినుంచి పప్పు, కూర, అన్నం, రొట్టె వేడిగా వస్తాయి. వంటశాలలో మనవాళ్లు ఉంటారు, వాళ్లే చూసుకుంటారు. చెప్పకుండా బఫేను నమ్ముకుంటే అన్నం, పెరుగు, పండ్లే గతి. ఇక టికెట్టు ధర అసలు ధర కాదు. సిబ్బంది బహుమానం పేరిట మనిషికి ఇంతని రోజూ లెక్కలో పడుతుంది, ఇంటర్నెట్ వేరు, ఫొటోలు వేరు. ఓడలోని వైద్యశాల బిల్లు అన్నిటికంటే వేరు. పెద్దవాళ్లకు ప్రయాణ బీమా లేకుండా ఎక్కకండి. రేవుల్లో విహారాలను ఓడలోని కౌంటర్లో కొంటే ప్రియం. అదే తిమింగలాల పడవ రేవులో స్థానికుల దగ్గర తక్కువకు దొరికింది. ఒక్క షరతు: మన విహారం ఆలస్యమైతే ఓడ మనకోసం ఆగదు. వేళకు రెండు గంటల ముందే తిరిగొచ్చేది చూసుకోవాలి.

జూనో అలాస్కా రాజధాని. అయినా బయటి ఊళ్లనుంచి రోడ్డు లేదు. ఓడలోనో విమానంలోనో రావాల్సిందే. జనం తాకిడి భరించలేక 2024 నుంచి రోజుకు అయిదు పెద్ద ఓడలకు మించి రాకుండా కంపెనీలతో ఒప్పందం చేసుకున్నారు. మెండెన్‌హాల్ హిమానీనదం ఊరి చివరే ఉంది, ఏటేటా వెనక్కి జరుగుతోంది. దాని పక్క లోయలో చేరే నీరు 2023, 2024 ఆగస్టుల్లో ఒక్కసారిగా తెగి ఊళ్లో ఇళ్లను ముంచింది. మేము తిమింగలాల పడవెక్కాం. తోకలు, నీటి చిమ్ములు కనిపించాయి. బాగుంది, అంతే. నాన్నకు మనసు మర్నాటి స్కాగ్వే మీదే ఉంది.

స్కాగ్వేలో దిగితే వైట్ పాస్ అండ్ యూకాన్ రూట్ రైలు రేవు దగ్గరికే వస్తుంది. ఈ యాత్రలో డబ్బుకు పూర్తిగా న్యాయం చేసింది ఇదే. రాకీ రైలు విలాసం, ఇది రైలు. చెక్క పెట్టెలు, రెండు చివరలా నిలబడే అరుగులు, మూడడుగుల గేజి. డార్జిలింగ్ బండి రెండడుగులది, ఊటీది మీటర్ గేజి, ఇది రెంటికీ మధ్యస్థం. రేవునుంచి బయలుదేరి 32 కిలోమీటర్లలో 2,865 అడుగులు ఎక్కుతుంది. వాలు 3.9 శాతం, ఇరవై ఆరుకు ఒకటి. ఊటీలోలా పళ్ల పట్టా లేదు. ఉత్త చక్రాల పట్టుతోనే ఎక్కుతుంది. అంకె వినగానే నాన్న నమ్మలేదు, బండి సిబ్బందిని అడిగి ఖాయం చేసుకున్నారు. ఆయన ఒకప్పటి గార్డు అని తెలిసి, ఆ కుర్రాడు కొండపైన బండి ఆగినప్పుడు వచ్చి చేతి బ్రేకు చూపించాడు. అప్పటినుంచి కిందికి దిగేదాకా నాన్న అరుగు వదల్లేదు.

ఎక్కేటప్పుడు ఎడమ పక్క కూర్చోండి. లోయ అటే ఉంటుంది. దిగేటప్పుడు సీట్లు మార్చుకోమని వాళ్లే చెబుతారు. 1896లో కెనడా వాయవ్య మూలనున్న క్లాండైక్‌లో బంగారం దొరికిందన్న వార్తతో లక్షమంది బయలుదేరారు. ఏడాదికి సరిపడా సామాను, సుమారు ఒక టన్ను, లేనివాళ్లను కెనడా పోలీసులు సరిహద్దు దాటనిచ్చేవారు కాదు. ఆ బరువును విడతలు విడతలుగా మోసుకుంటూ ఇదే కొండ ఎక్కారు. అప్పటి కాలిబాట కిటికీలోంచి ఇప్పటికీ కనిపిస్తుంది, మనిషి పాదమంత వెడల్పు. బరువులు మోసి మూడు వేల జంతువులు చచ్చిన లోయకు చచ్చిన గుర్రాల లోయ అనే పేరు. రైలు మార్గం పని 1898లో మొదలై 1900 జులైలో ముగిసింది. అప్పటికి బంగారం వేలంవెర్రి చల్లారిపోయింది! అయినా ఇతర ఖనిజాలు మోసి బతికి, 1982లో గనుల దెబ్బకు మూతపడి, 1988లో పర్యాటకుల కోసం మళ్లీ తెరుచుకుంది. ఖనిజం కోసం వేసిన ఘాట్ లైనులో అద్దాల పెట్టె తగిలించి పర్యాటకులను ఎక్కించడం మన అరకులోనూ చూశాం. గనుల లైన్లన్నిటికీ చివరికి ఇదే పింఛను అన్నారు నాన్న.

ఈ రైలు టికెట్టు ముందే కొనండి. సరిహద్దు శిఖరం దాకా పోయి దిగకుండా వెనక్కి వచ్చేది తీసుకుంటే రెండు గంటల నలభై అయిదు నిమిషాలు పడుతుంది, మిగతా పూట ఊరు చూడొచ్చు. ఊరంటే పన్నెండు వందల జనాభా, నగల దుకాణాలు. ఎంత త్వరగా చూసినా చూసినట్టే.

గ్లేసియర్ బే, అంటే హిమానీనదాలు దిగే అఖాతం, చూసే రోజున ఓడ ఏ రేవులోనూ ఆగదు, ఎవరూ దిగరు. అందుకే కొందరు దీన్ని ఖాళీ రోజు అనుకుంటారు. ఓడ టికెట్టు కొనేటప్పుడు నేను మొదట చూడమనేది ఈ పేరు ఉందా లేదా అని. రోజుకు రెండు పెద్ద ఓడలకే అనుమతి కాబట్టి అన్ని ఓడలూ ఇక్కడికి రావు. ఈ పేరు లేని టికెట్టు చవకగా వచ్చిందంటే కారణం అదే కావచ్చు. పొద్దున్నే జాతీయ వనం రేంజర్లు చిన్న పడవలో వచ్చి ఓడ ఎక్కుతారు. రోజంతా మైకులో వాళ్ల మాటలే. అమ్మకాల ప్రకటనలు ఆగిపోతాయి.

1794లో బ్రిటిష్ నావికుడు జార్జి వాంకూవర్ బృందం వచ్చినప్పుడు ఈ అఖాతం దాదాపు లేనే లేదు. మంచు గోడ దాదాపు సముద్రం అంచు దాకా ఉండేది. 1879 నాటికి అది ముప్పై మైళ్లకు పైగా వెనక్కి వెళ్లింది. ఇప్పుడు లోపలికి 65 మైళ్లు నీళ్లే. ఇక్కడి మూలవాసులైన హూనా ట్లింగిట్ ప్రజల పల్లెలను ఒకప్పుడు మింగిన మంచు అది. వాళ్ల సమావేశ గృహాన్ని 2016లో మళ్లీ ఈ ఒడ్డునే కట్టారు. మధ్యాహ్నం మార్జరీ హిమానీనదం ఎదుటికి చేరాం. మైలు వెడల్పు, నీటిపైన 250 అడుగుల గోడ. ఓడ గంటసేపు అక్కడే నిలబడి మెల్లగా తన చుట్టూ తాను తిరిగింది. ఏ పక్క గది వాళ్లకైనా గోడ కనిపిస్తుంది కాబట్టి కుడి, ఎడమ అని బాధపడనక్కర లేదు. ముందు ముక్క విరిగి పడటం కనిపిస్తుంది, తర్వాత ఉరుము వినిపిస్తుంది. పై డెక్కు మీద గుంపులో నిలబడి కొంతసేపు, అమ్మ దుప్పటిలో దూరి బాల్కనీలో కొంతసేపు చూశాను. రెండోదే నయం.

కెచికాన్‌లో వాన. అక్కడ ఏటా మూడున్నర మీటర్లకు పైగా కురుస్తుందట, మాకు మా వాటా ముట్టింది. చెక్కిన స్తంభాలు, కొయ్య కాళ్ల మీద నిలబెట్టిన పాత వీధి చూసి, తడిసి, ఓడెక్కాం. గొడుగు కంటే టోపీ ఉన్న వానకోటు పనికొస్తుంది.

చేతిలో డబ్బు తక్కువగా ఉన్నవాళ్లకు నేను చెప్పే క్రమం ఇది. గ్లేసియర్ బే ఉన్న ఓడను, స్కాగ్వే రైలును వదలకండి. రాకీ రైలును వదిలేసి కాల్గరీ, బాన్ఫ్, ఫీల్డ్ కారులో తిరిగితే సర్పిల సొరంగాలు బయటినుంచి ఇంకా బాగా కనిపిస్తాయి. రైలే కావాలంటే ప్రభుత్వ సంస్థ వయా రైల్ నడిపే కెనడియన్ ఉంది. దాని దారి వేరు, జాస్పర్ మీదుగా వెళుతుంది, రాత్రులు కూడా నడుస్తుంది కాబట్టి కొంత దృశ్యం చీకట్లో పోతుంది. డబ్బుకు వెనుకాడనివాళ్లు రెండూ కలిపే చేయండి, కానీ విడివిడిగా కొనండి. మాకు ఒక ఏజెంటు చెప్పిన ప్యాకేజీ ధరలో అనవసరమైన విమానం, ఇష్టంలేని హోటల్ కలిసి ఉన్నాయి. అవి తీసేసి మేమే కొంటే మిగిలిన తేడాతోనే బాల్కనీ వచ్చింది.

తిరిగొచ్చిన రోజు ఓడ తెల్లారేసరికి వాంకూవర్ చేరుతుంది గానీ అందరూ ఒకేసారి దిగరు. పెట్టెలకు కట్టిన రంగు చీటీల వరుసలో పిలుస్తారు. మధ్యాహ్నం దాటాక బయలుదేరే విమానం చూసుకోండి. రేవు పక్కనే ఉన్న వాటర్‌ఫ్రంట్ స్టేషన్‌లో కెనడా లైన్ రైలెక్కితే అరగంటలోపే విమానాశ్రయం వస్తుంది. ట్యాక్సీ వరుసకంటే అది నయం. ఈ రైలుకు డ్రైవరు ఉండడు. ముందు అద్దం దగ్గరి సీటు ఖాళీగా ఉంటే నాన్నలాంటివాళ్లను అక్కడ కూర్చోబెట్టండి.